‘ఇక అంతే’ అనే డైలాగు

మన సినిమాల్లో కొన్ని డైలాగులున్నాయి. ఎన్ని పిక్చర్లు వచ్చినా, ఎంతమంది రచయితలు మారినా అవి మాత్రం మారవు. ‘ఈ పెళ్ళి జరగటానికి వీల్లేదు’ అన్నది ఒకటి. ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చి కళ్ళజోడు తీసి ‘ఇక అంతా పైవాడి దయ’ అనే డాక్టరుగారిది ఇంకొకటి. వాటి పక్కనే మరొకటి వుంది: ‘ఇక అంతే. అంతా అయిపోయింది. నాకు వేరే దారి లేదు.’ ఈ మాట పడిందంటే నేల టిక్కెట్టు వాడిక్కూడా తెలుసు, తరవాత గాలివాన మొదలవుతుందని, వయొలిన్లు ఏడుస్తాయని, చివరి నిమిషంలో గుమ్మడిలాంటి పెద్దాయన ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని ‘ఆగమ్మా!’ అంటాడని.

సినిమా పేజీలకి రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. ఆ డైలాగు వందలసార్లు విని వుంటాను. ఏనాడూ ఒళ్ళు జలదరించలేదు. కిందటేడు ఏప్రిల్లో ఒక రాత్రి, కామవరపుకోటలో మా అక్కావాళ్ళ డాబా మీద విన్నప్పుడు మాత్రం కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. అక్కడ గాలివాన లేదు. వయొలిన్లు లేవు. ఆ మాట అన్నది మా మేనల్లుడు. పదిహేడేళ్ళవాడు.

వాణ్ణి ఇక్కడ బుజ్జి అంటాను. అసలు పేరు అది కాదు. ఈ వ్యాసం ముందు వాడికి చదివి వినిపించి, వాడు సరేనన్నాకే పంపుతున్నాను.

ఆ రోజు ఇంటర్ ఫలితాలొచ్చాయి. బుజ్జి ఎంపీసీ, సెకండియరు. ఇంటికి దూరంగా హాస్టల్లో రెండేళ్ళున్నాడు. ఫిజిక్సు పోయింది. లెక్కల్లో ఒక పేపరు పోయింది. మా బావ చెడ్డవాడు కాదు. పామాయిలు తోట చూసుకుంటూ తన మానాన తను బతికే మనిషి. కానీ ఆ పూట నోరు జారి, ‘పక్క వీధి వాళ్ళమ్మాయికి తొమ్మిది వందల ఎనభై వచ్చాయట’ అన్నాడు. అక్క ఏమీ అనలేదు. పొయ్యి మీద అన్నం అడుగంటేదాకా అక్కడే నిలబడిపోయింది. నేను ఏలూరులో పని చూసుకుని సాయంత్రం బస్సుకి వచ్చేసరికి ఇల్లంతా చావు జరిగిన ఇల్లులా వుంది.

రాత్రి వాడు అన్నం కెలికి లేచి డాబా ఎక్కాడు. కాసేపాగి నేనూ ఎక్కాను.

‘ఏంట్రా బుజ్జీ, దోమలు కుట్టటం లేదూ?’ అన్నాను, ఏం మాట్లాడాలో తెలీక.

వాడు నావైపు చూడలేదు. మెల్లగా, పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు: ‘ఇక అంతే మావయ్యా. నా వల్ల ఎప్పటికీ ఏదీ అవదు. నాకు ఒక్కటే దారి వుంది.’

చాలామంది మేనమామలు ఈ మాట వింటే ఏమంటారు? ‘ఛ, ఊరుకోరా, ఇంతమాత్రానికే?’ అంటారు. నేనూ అనేవాణ్ణే. అనకపోవటానికి కారణముంది. దానికోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఫ్లాష్‌బ్యాకు అనుకోండి.

పదేళ్ళ కిందటి సంగతి. ఏలూరులో బి.ఏ. అయిందనిపించి, సినిమా రచయితనవుదామని హైదరాబాదు వెళ్ళాను. కృష్ణానగరులో ఒక గదిలో నలుగురం. రెండేళ్ళు ఒక కథ చంకన పెట్టుకుని తిరిగాను. ఒకాయన ఓపిగ్గా విన్నాడు, భుజం తట్టాడు. కొన్నాళ్ళకి నా సీన్లు ఇంకొకరి పేరుతో తెరమీద చూశాను. అదే నెలలో నాన్న మంచాన పడ్డారు. గది అద్దె మూడు నెలలు బాకీ. ఇవన్నీ చాలామందికి వుండే కష్టాలే. కానీ ఆ రోజుల్లో నా బుర్ర నడిచిన తీరు మాత్రం ఇప్పటికీ మరిచిపోలేను. ఏ ఆలోచన మొదలుపెట్టినా, ఎటు తిప్పినా, చివరికి ఒక్కచోటికే వచ్చి ఆగేది. ఊళ్ళో ఇల్లుంది, అమ్మ వుంది, చేతిలో డిగ్రీ వుంది. ఇవేవీ ఆలోచనలోకి వచ్చేవే కావు. ఎవరో తుడిచేసినట్టు మాయమైపోయాయి.

ఆ గదిలో మాతోపాటు ఒక తుని కుర్రాడుండేవాడు. మేకప్ మాన్ దగ్గర అసిస్టెంటు. చదివింది ఎనిమిదో తరగతి. ఒక రాత్రి నా మొహం చూసి, స్టౌ ఆపి వచ్చి, ఎదురుగా కూర్చుని అడిగేశాడు: ‘ఏరా, చచ్చిపోవాలనిపిస్తోందా?’

తిట్టలేదు. నీతులు చెప్పలేదు. అడిగాడు, అంతే. నేను అవునన్నాను. ఆ ‘అవును’ బయటికి రాగానే భోరున ఏడ్చాను. వాడు తెల్లారేదాకా నన్ను ఒంటరిగా వదల్లేదు. మా ఇంటికి ఫోను చేసి, నన్ను ఏలూరు బస్సెక్కించి, తనూ ఎక్కాడు. తరవాత డాక్టరు, కొన్నాళ్ళు మందులు. బతికాను.

బతికాక నేను చేసిన మొదటి ఘనకార్యం వినండి. ఒక సినిమా పేజీకి సిల్క్ స్మిత మీద వర్ధంతి వ్యాసం రాశాను. ఆమె మా ప్రాంతం మనిషే. ఏలూరు పక్కనే కొవ్వలిలో, 1960లో పుట్టింది. పుట్టినప్పటి పేరు విజయలక్ష్మి. 1980లో తమిళంలో ‘వండిచక్రం’లో వేసిన ‘సిల్క్’ అన్న పాత్ర పేరే ఆమె ఇంటిపేరయింది. మన వాళ్ళు ‘వసంత కోకిల’గా చూసిన పిక్చర్లోనూ వుంది. 1996 సెప్టెంబరు 23న మద్రాసులో తన ప్రాణం తనే తీసుకుంది. అప్పటికి ఆమెకి ముప్పై ఆరేళ్ళు కూడా నిండలేదు. నేను పలకా బలపం పట్టుకుని బడికి వెళుతున్న రోజులవి.

ఆమె ఎందుకలా చేసిందో నాకేం తెలుసు? ఎవరికేం తెలుసు? అయినా నేను మాత్రం వినికిడి కబుర్లు పోగుచేసి, ఒకే ఒక్క కారణం తేల్చి, క్లైమాక్సు సీన్లా రాసి పడేశాను. బాగా రాశావని పదిమంది మెచ్చుకున్నారు. పదకొండోది ఒక ఉత్తరం. ఒక తల్లి రాసింది. అందులో సారాంశం ఇది: ‘బాబూ, మా అబ్బాయి పోయినప్పుడు మేము కూడా ఒక్క కారణమే వెతికాం. పరీక్ష అన్నాం, ప్రేమ అన్నాం, మేం తిట్టిన తిట్టు అన్నాం. ఏళ్ళు గడిచాక తెలిసింది, వాడు నెలల తరబడి ఏదో చెబుతూనే వున్నాడు, మాకే వినబడలేదు. కారణం రాయటం కాదు, ఆ వినబడని మాటలేమిటో కనుక్కుని రాయి.’

ఆ ఉత్తరం ఇంకా నా దగ్గరుంది. అప్పట్నుంచి చదవటం మొదలుపెట్టాను. సినిమా పుస్తకాలు కాదు, మనస్తత్వ శాస్త్రజ్ఞుల పరిశోధనలు. అందులో నాకు అర్థమైనంతవరకు నాలుగు సంగతులు చెబుతాను.

అమెరికాలో ఎడ్విన్ ష్నైడ్మన్ అనే ఆయన వుండేవాడు. 1949లో లాస్ ఏంజెలిస్‌లో అనుమానాస్పద మరణాలు విచారించే కార్యాలయానికి ఏదో పనిమీద వెళితే, అక్కడి పాత కాగితాల్లో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళు రాసిపెట్టిన చివరి ఉత్తరాలు వందలకొద్దీ కనిపించాయి. ఆయన జీవితమే మారిపోయింది. 1958లో స్నేహితులతో కలిసి అదే నగరంలో ఆత్మహత్యల నివారణ కేంద్రం పెట్టాడు. నలభై యాభై ఏళ్ళు ఇదే పని. ఆయన తేల్చినదేమిటంటే, ఆ స్థితిలో వున్న మనిషికి అందరూ అనుకునేట్టు చావు మీద ప్రేమ వుండదు. భరించలేని మనోవేదన వుంటుంది. అది ఆగాలి, అంతే. ఆ వేదనలో మనసు ఇరుకైపోతుంది. మామూలుగా మనకి పది దారులు కనిపించేచోట ఆ మనిషికి రెండే కనిపిస్తాయి: ఏదో అద్భుతం జరగటం, లేదా అంతా ముగించటం. అందుకే ఆయన దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఒకటుంది. అది ‘ఒక్కటే’ అన్న మాట.

సినిమా భాషలో చెప్పాలంటే, కెమేరా క్లోజప్‌లో బిగుసుకుపోయిందన్నమాట. ఫ్రేములో ఒక్క కష్టమే వుంది. పక్కన అమ్మ నిలబడి వుంది, స్నేహితుడున్నాడు, వీధి వుంది, రేపటి బస్సుంది. కానీ ఏదీ ఫ్రేములోకి రాదు. బయట వున్నవాళ్ళకి లాంగ్ షాట్ కనిపిస్తుంటుంది కనక, ‘ఇంత చిన్నదానికా!’ అని ఆశ్చర్యపోతారు. చిన్నదో పెద్దదో కొలిచే కన్ను ఆ మనిషికి ఆ పూట మూసుకుపోయి వుంటుంది.

రెండో ఆయన ఫిలడెల్ఫియాలోని ఆరన్ బెక్. నూరేళ్ళు బతికి 2021లో కన్నుమూశాడు. దిగులుకన్నా కూడా ‘ముందు ఏమీ లేదు’ అన్న నిరాశకే ఆత్మహత్యతో దగ్గరి సంబంధం వుందని ఆయన అనుమానం. దాన్ని కొలవటానికి 1974లో ఇరవై వాక్యాలతో ఒక పట్టిక తయారుచేశారు. ఒక్కో వాక్యానికి అవును, కాదు అని చెప్పాలి. ఆత్మహత్య ఆలోచనలతో ఆస్పత్రిలో చేరిన 207 మందిని పదేళ్ళదాకా గమనించి 1985లో ఫలితాలు ప్రకటించారు. వాళ్ళలో 14 మంది ప్రాణం తీసుకున్నారు. ఆ పోయినవాళ్ళలో నూటికి తొంభై ఒక్కమందికి నిరాశ పట్టికలో పదో అంతకన్నా ఎక్కువో మార్కులొచ్చాయి. నిరాశ అంత బరువైనదన్నమాట. అయితే బెక్ అక్కడితో ఆగలేదు. నిరాశ అనేది లోకం గురించిన సత్యం కాదు, అది ఒక ఆలోచనా పద్ధతి, పద్ధతి గనక మార్చుకోవచ్చు అన్నాడు. ఆయన మొదలుపెట్టిన మాటల వైద్యం ఇవాళ ప్రపంచమంతటా వాడుతున్నారు.

మూడోది మాటల లెక్క. ఇంగ్లండులో రెడింగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో వేలమంది రాసుకున్న రాతలు తీసి అందులో ‘ఎప్పుడూ’, ‘అస్సలు’, ‘పూర్తిగా’, ‘ఏదీ’ లాంటి ఖరాఖండీ మాటలు లెక్కపెట్టారు. మామూలు మనుషుల రాతలకన్నా ఆందోళన, డిప్రెషన్ వున్నవాళ్ళ రాతల్లో ఇవి దాదాపు 50 శాతం ఎక్కువ. ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ళ రాతల్లో దాదాపు 80 శాతం ఎక్కువ. విచిత్రమేమిటంటే, ‘బాధ’, ‘ఏడుపు’ లాంటి మాటలకన్నా ఈ ఖరాఖండీ మాటలే ఎక్కువ పట్టిచ్చాయి.

నాలుగోది నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది. 1986లో మార్క్ విలియమ్స్, బ్రాడ్‌బెంట్ అనే ఇద్దరు ఇంగ్లండులో, ఆత్మహత్యాప్రయత్నం చేసి బతికినవాళ్ళకి ఒక్కొక్క మాట ఇచ్చి, దానితో ముడిపడిన ఒక ఫలానా రోజు జ్ఞాపకం చెప్పమన్నారు. ‘సంతోషం’ అంటే, ‘మా చెల్లెలి పెళ్ళినాడు వాన పడితే అందరం తడిసి నవ్వుకున్నాం’ అని మనం చెబుతాం. వాళ్ళు ‘చిన్నప్పుడు బాగుండేది’ అని ఊరుకునేవారు. ఫలానా రోజు దొరికేది కాదు. గతమంతా ఒక ముద్దగా కనిపిస్తుంది. గడిచిన రోజులు విడివిడిగా గుర్తు రాకపోతే, వెనకటి కష్టంలోంచి ఎలా బయటపడ్డామో అదీ గుర్తు రాదు. ఇక రేపటికి దారి ఎక్కణ్ణించి దొరుకుతుంది?

ఫ్లాష్‌బ్యాకు అయింది. మళ్ళీ డాబా మీదికి రండి.

‘ఎప్పటికీ.’ ‘ఏదీ.’ ‘ఒక్కటే దారి.’ మావాడి నోట ఒక్క గుక్కలో మూడూ పడ్డాయి. గుండె దడదడలాడుతోంది. కానీ తుని కుర్రాడు గుర్తొచ్చాడు. పక్కన కూర్చుని అడిగేశాను: ‘బుజ్జీ, చచ్చిపోవాలనిపిస్తోందా?’

అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయం. అదే అంశం మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి 2014లో ఒక సమీక్ష ప్రకటించారు. అడగటంవల్ల ఆ ఆలోచన పెరిగినట్టు ఎక్కడా కనబడలేదు. తగ్గవచ్చునని కూడా తేలింది. అడగనందువల్ల జరిగే నష్టమే ఎక్కువ.

చాలాసేపటికి వాడు తలూపాడు. ‘రెండు నెల్లనించి మావయ్యా’ అన్నాడు.

రెండు నెల్లు! అంటే పరీక్షలకన్నా ముందునుంచీ. మధ్యలో శివరాత్రికి ఇంటికొచ్చాడు. మాతోపాటే కూర్చుని సినిమా చూశాడు. ఎవరికీ తెలీలేదు. ‘ఫలితం చూసి ఇలా అయ్యాడు’ అని మేం ఆ సాయంత్రం అనుకున్నదంతా తప్పే. హాస్టల్లో నిద్ర పట్టకపోవటం, ఒక స్నేహితుడు మాట్లాడటం మానెయ్యటం, తిన్నది ఒంటబట్టకపోవటం, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి చేరాయి. ఫలితం ఆఖరున వచ్చి చేరింది, అంతే. ఆ తల్లి ఉత్తరంలో రాసింది అక్షరాలా నిజం.

ష్నైడ్మన్ ఒకసారి చేసిన పని చదివి వున్నాను. ప్రాణం తీసుకోవటం తప్ప వేరే దారి లేదని వచ్చిన ఒక అమ్మాయితో ఆయన వాదించలేదు. కాగితం తీసుకుని, మంచీ చెడూ అనకుండా, వున్న దారులన్నీ ఆమెతో కలిసి వరసగా రాశాడు. ఆమె వద్దన్నవీ రాశాడు, ఆమె అనుకున్నదీ రాశాడు. తరవాత, ‘వీటిలో ఏది కాస్త నయమో అంకెలు వెయ్యి’ అన్నాడు. వేసేసరికి ఆమె ‘ఒక్కటే’ అనుకున్నది మొదటి స్థానంలో లేదు!

నా జేబులో బావ పామాయిలు గెలల తూకం చీటీ వుంది. దాని వెనక సెల్‌ఫోను వెలుగులో రాశాం. సప్లిమెంటరీ రాయటం. ఏడాదాగి మళ్ళీ రాయటం. ఎంపీసీ మానేసి ఇంకో గ్రూపు చేరటం. ఐటీఐ. నాన్నతో తోటలోకి వెళ్ళటం. నాతో ఏలూరు వచ్చెయ్యటం. ‘ఇంట్లోంచి పారిపోవటం’ అన్నాడు వాడు. అదీ రాశాను. చివర వాడు అనుకున్నదీ రాశాం. నా చెయ్యి వణికింది, అబద్ధమెందుకు? అంకెలు వెయ్యమన్నాను. వాడు చాలాసేపు చూసి, వేశాడు. అది నాలుగో స్థానానికి దిగింది. మొదటిది సప్లిమెంటరీ కూడా కాదు. ‘నీతో ఏలూరు’ అని వేశాడు. పారిపోవటం రెండోది.

నాలుగో స్థానమంటే పోయిందని కాదు, అక్కడే వుందని. కానీ డాబా ఎక్కినప్పుడు వాడికి ఒక్కటే దారి. ఇప్పుడు ఎనిమిదున్నాయి. ఆ రాత్రి గడవటానికి అది చాలు.

తరవాత జ్ఞాపకాల సంగతి గుర్తొచ్చి, ‘ఆటపాక వెళ్ళినరోజు గుర్తుందా?’ అన్నాను. కొల్లేట్లో పడవెక్కి గూడబాతుల్ని చూసొచ్చిన రోజు. ‘ఆఁ, బాగుంది’ అన్నాడు ముక్తసరిగా. ‘అలా కాదు. పడవలో నీ పక్కనెవరు కూర్చున్నారు?’ అన్నాను. ఆలోచించాడు. ‘అమ్మ. అమ్మ చెప్పు నీళ్ళలో పడిపోయింది’ అన్నాడు. ‘పడవాయన తెడ్డుతో తీశాడు. అమ్మ ఆ తడిచెప్పుతోనే నాన్నని కొట్టబోయింది.’ వాడి పెదాలు కాస్త కదిలాయి. నవ్వని అనను గానీ, ఆ రోజుకి అదే సూపర్‌హిట్.

ఇదంతా చదివి నేనేదో వైద్యం చేసేశాననుకునేరు. లేదు సుమండీ! నేను చేసింది ఒక్క రాత్రి కాపలా. అక్కనీ బావనీ లేపి ఉన్నదున్నట్టు చెప్పాను. బావ కూలబడిపోయాడు. ‘వాడికి వినబడేలా ఇప్పుడు ఏడవకు, పక్కన పడుకో చాలు’ అన్నాను. 14416కి ఫోను చేశాం. టెలీ మానస్ అని, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. పగలూ రాత్రీ పలుకుతారు, డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఒకమ్మాయి ఓపిగ్గా బుజ్జితో మాట్లాడి, మాతోనూ మాట్లాడి, వాణ్ణి ఒంటరిగా వదలొద్దని చెప్పింది. తెల్లారగానే ఏలూరు బస్సెక్కి మానసిక వైద్యుడి దగ్గరికి తీసికెళ్ళాం.

బస్సెక్కే ముందు బావ గొంతు తగ్గించి, ‘పోలీసు కేసవుతుందేమోరా?’ అనడిగాడు. ఈ భయం మన ఊళ్ళలో చాలామందిని ఆస్పత్రి గుమ్మం ఎక్కనివ్వదు. ఆలోచన వచ్చిందని డాక్టరు దగ్గరికి వెళితే కేసేమిటి? ప్రయత్నం చేసి బతికినవాడిని కూడా తీవ్రమైన ఒత్తిడిలో వున్న మనిషిగానే చూడాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. పాత శిక్షాస్మృతిలో ఆత్మహత్యాప్రయత్నాన్ని నేరమన్న 309వ సెక్షను, 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. బావకి ఇదంతా బస్సులో చెప్పుకుంటూ వెళ్ళాను.

ఇక మన సినిమా వాళ్ళ సంగతికొస్తాను. ఈ పత్రికలో రాస్తూ అది చెప్పకపోతే తప్పు.

1774లో గెథే రాసిన వెర్థర్ నవల చదివి యూరపులో కుర్రాళ్ళు ఆ కథానాయకుడి దారి పట్టారని గగ్గోలు పుట్టింది. కొన్నిచోట్ల పుస్తకాన్నే నిషేధించారు. రెండువందల ఏళ్ళ తరవాత, 1974లో, డేవిడ్ ఫిలిప్స్ అనే అమెరికన్ లెక్కలు తీశాడు. 1962లో మార్లిన్ మన్రో పోయిన వార్త పత్రికల నిండా వచ్చిన నెలలో అమెరికాలో ఆత్మహత్యలు సుమారు 12 శాతం పెరిగాయి. అంటే రాసే చేతికి కూడా బాధ్యత వుందన్నమాట. నా వర్ధంతి వ్యాసం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను... చూశారా, ఈ మాట మనకెంత అలవాటైపోయిందో! సిగ్గుపడ్డాను, అంతే. ఇలాంటి వార్తలు ఎలా రాయాలో, ఎలా రాయకూడదో ప్రెస్ కౌన్సిల్ వాళ్ళు 2019లో నియమాలు పెట్టారు. అవి సినిమా పేజీలకి వర్తించవని ఎక్కడా లేదు.

దీనికి రెండో వైపూ వుంది. మోజార్ట్ 1791లో కట్టిన ‘మాయావేణువు’ అనే సంగీత నాటకంలో పాపగేనో అని పిట్టలు పట్టేవాడు ఒకడుంటాడు. ప్రియురాలు దొరకదని నిరాశపడి ప్రాణం తీసుకోబోతాడు. సరిగ్గా అప్పుడు ముగ్గురు పిల్లలు వచ్చి, ‘నీ దగ్గర మాయగంటలున్నాయి కదా, మరిచిపోయావా?’ అని గుర్తుచేస్తారు. వాడు గంటలు మోగిస్తాడు, పిల్ల వచ్చేస్తుంది. 2010లో ఆస్ట్రియాలో పరిశోధకులు పత్రికల్లో వచ్చిన కథనాలు పరిశీలించారు. అలాంటి ఆలోచన వచ్చి కూడా కష్టాన్ని వేరేలా దాటినవాళ్ళ కథలు అచ్చయిన తరవాత ఆత్మహత్యలు తగ్గినట్టు కనబడింది. దానికి పాపగేనో పేరే పెట్టారు.

ఆ పిల్లలు కొత్తగా ఏమీ ఇవ్వలేదు, గమనించారా? వాడి దగ్గర వున్నదాన్నే గుర్తుచేశారు. మన గుమ్మడిగారి చెయ్యి కూడా అలాంటిదే. 1953లో ‘దేవదాసు’ వచ్చినప్పటినుంచీ మనం ట్రాజెడీకి కన్నీళ్ళు పెట్టుకుంటూనే వున్నాం. అది గొప్ప పిక్చరే, కాదనను. కానీ చెయ్యి పట్టి ఆపే సీనుని పాతచింతకాయ పచ్చడని ఈమధ్య మన రచయితలు తీసేస్తున్నారే, అదే నాకు నచ్చటం లేదు. ఆ సీనులో శాస్త్రం వుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ మాటలు పట్టుకుని ఫలానావాడు ఫలానా పని చేస్తాడని జోస్యం చెప్పలేం. యాభై ఏళ్ళలో జరిగిన 365 పరిశోధనల్ని కలిపి 2017లో లెక్క చూస్తే, ఏ లక్షణం పట్టుకుని జోస్యం చెప్పినా బొమ్మా బొరుసూ వేసినదానికన్నా పెద్ద మెరుగేమీ లేదని తేలింది. ‘ఇక అంతే’ అన్న ప్రతివాడూ ప్రమాదంలో వున్నట్టు కాదు. ఏమీ అననివాడు క్షేమంగా వున్నట్టూ కాదు. అందుకని ఊహించటం మానేసి, అడగటం మంచిది. పోయినవాళ్ళ ఇంట్లోవాళ్ళని ‘మీరెలా కనిపెట్టలేదు?’ అని అడగటం మాత్రం మహాపాపం. డాక్టర్లకే అంతుపట్టనిది అమ్మకెలా తెలుస్తుంది?

2022లో మన దేశంలో 1,70,924 మంది ఇలా పోయారని ప్రభుత్వ లెక్క. అందులో 13,044 మంది విద్యార్థులు. మనుషుల మనసే కాదు, మనం కట్టిన ఏర్పాట్లు కూడా ఇరుకువే. చెన్నైలో 1986లో ‘స్నేహ’ సంస్థని స్థాపించిన డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ లాంటివాళ్ళ పట్టుదలతో, తమిళనాడులో పరీక్ష తప్పిన పిల్లలు ఏడాది ఆగక్కర్లేకుండా కొద్ది వారాల్లోనే మళ్ళీ రాసే వీలొచ్చింది. మన దగ్గరా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ వుంది. అది మార్కుల కోసం పెట్టిన పరీక్ష అనుకునేవాణ్ణి. ఇప్పుడు అది గోడకి పెట్టిన తలుపులా కనిపిస్తోంది.

మరి బుజ్జి ఏమయ్యాడంటారా? సినిమా అయితే స్టేటు ఫస్టు రావాలి. రాలేదు. సప్లిమెంటరీలో లెక్కల పేపరు గట్టెక్కాడు. ఫిజిక్సు మళ్ళీ పోయింది. ఆ రోజు అక్క అన్నం మాడబెట్టలేదు. బావ పక్క వీధి మార్కులు ఎత్తలేదు. వాడే వచ్చి నాతో, ‘ఈసారికి పోయింది మావయ్యా’ అన్నాడు.

మీకు తేడా తెలిసిందా? నాకు తెలిసింది. ‘ఎప్పటికీ’ కాదు, ‘ఈసారికి’. ఆ ఒక్క మాట కోసం వాడు ఏలూరు డాక్టరు దగ్గరికి నెలల తరబడి తిరిగాడు. ఇంకా తిరుగుతున్నాడు. కొన్ని రాత్రులు ఇప్పటికీ బాగుండవు. అప్పుడు ఫోను చేస్తాడు. ఎక్కడున్నా ఎత్తుతాను, సినిమా మధ్యలో వున్నా లేచి బయటికొస్తాను. పక్కసీటువాళ్ళు తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి.

తూకం చీటీ వాడి దగ్గరే వుంది. వెనక ఎనిమిది దారులు. మొన్న తొమ్మిదోది రాశాడట. ఏమిటో చెప్పనన్నాడు. మంచిదేలే అన్నాను.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరైనా ‘ఇక అంతే’ అంటే, ఆ డైలాగుని డైలాగులా వినకండి. పక్కన కూర్చోండి. అడగండి. ఆ మాట మీ నోటే వస్తూవుంటే, దయచేసి ఎవరో ఒకరికి వినబడేలా అనండి. రాత్రి పన్నెండయినా సరే, 14416 పలుకుతుంది.

ఫిజిక్సు ఇంకా మిగిలే వుంది. మావాడూ మిగిలే వున్నాడు. అదండీ సంగతి!